కారులో కచేరీ

కొత్త కారు కొన్నవారు మొదటి నెలలో గుడికి తీసుకొని వెళ్ళి పూజ చేయిస్తారు. రెండో నెలలో సీట్లకు తొడుగులు కుట్టిస్తారు. మూడో నెలలో "పాటలు అంత బాగా వినిపించడం లేదండీ!" అని మొదలు పెడతారు. పాపం, కారుతో వచ్చిన స్టీరియో అప్పటికి చేసిన నేరం ఏమీ ఉండదు. ఎదురింటివారి కారులో డిక్కీ అదిరేటట్లు వాయించే పెట్టె ఒకటి ఉన్నదని వీరికి తెలియడమే దాని దురదృష్టం. అక్కడినుంచి యాంప్లిఫయరు వేట ఆరంభమవుతుంది.

నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయినవాణ్ణి. అందువల్ల మా బంధువర్గంలో ఎవరికి ఈ వేట మొదలైనా నన్ను వెంట తీసుకొని పోవడం ఆచారమై కూర్చున్నది. విజయవాడ ఆటోనగర్ సందుల్లోనూ, హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలోనూ ఈ పని మీద నేను చాలాసార్లు తిరిగాను. తిరిగి తిరిగి గ్రహించిన సంగతి ఒకటే. యాంప్లిఫయరు ఎంచుకోవడానికి సంగీతజ్ఞానం అక్కరలేదు, ఇంజనీరు పట్టా అసలే అక్కరలేదు. గుణకారం, భాగహారం వస్తే చాలు. పెట్టె మీద అచ్చువేసిన అంకె చూసి మురిసిపోకుండా ఉండే నిగ్రహం మాత్రం కావాలి.

లస్కరూ, కాలువ నీళ్ళూ

ముందు ఇది చేసే పని ఏమిటో చూద్దాం. యాంప్లిఫయరును పుస్తకాలలో ధ్వనివర్ధకం అని వ్రాస్తారు. దుకాణాల్లో క్లుప్తంగా "యాంపు" అంటారు. కృష్ణా కాలువల మీద తూము దగ్గర లస్కరు ఉంటాడు గదా! అతని చేతిలో ఉన్న బలం ఎంత? చక్రం తిప్పేపాటిదే. కాని ఆ కాస్త బలంతో అతడు వేల ఎకరాలకు పారే నీటిని తన ఇష్టం వచ్చినట్లు హెచ్చించగలడు, తగ్గించగలడు. యాంప్లిఫయరు సరిగా అటువంటి లస్కరే. స్టీరియోనుంచి వచ్చే విద్యుత్తరంగం బలహీనమైనది. యాంపు దాని అడుగుజాడల్లో నడుస్తూ బ్యాటరీనుంచి పెద్ద ప్రవాహాన్ని విడిచి స్పీకరును కదిలిస్తుంది. నదిలో నీరు లేనప్పుడు లస్కరు చక్రాన్ని ఎంత తిప్పినా ప్రయోజనం ఏముంది? కారు సంగీతంలో కష్టమంతా ఇక్కడే ఉన్నది. కారు బ్యాటరీ ఇచ్చేది పన్నెండు వోల్టులే.

ఈ పేచీ కారు రేడియో పుట్టిననాటి నుంచీ ఉన్నది. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరుల కంపెనీ "మోటరోలా" అనే పేరుతో కారు రేడియోను అమ్మడం మొదలు పెట్టింది. అవి వాల్వుల రోజులు. వాల్వులకు వందల వోల్టులు కావాలి. నాటి కారు బ్యాటరీలో ఉన్నవి ఆరు వోల్టులు. ఆ ఆరును పెంచడానికి తరువాతి రేడియోలలో వైబ్రేటరు అనే చిన్న పరికరం అమర్చేవారు. అది తుమ్మెదలా రొద చేస్తూ విద్యుత్తును తెంచుతూ కలుపుతూ ఉంటే, ట్రాన్సుఫార్మరు దాన్ని పెద్ద వోల్టేజిగా మార్చేది. 1955లో క్రైస్లర్, ఫిల్కో కంపెనీలు కలిసి వాల్వులు లేకుండా కేవలం ట్రాన్సిస్టర్లతో నడిచే కారు రేడియోను ప్రకటించిన తరువాత ఆ రొద క్రమంగా పోయింది. కాని పేచీ పోలేదు.

ఎందుకు పోలేదో లెక్క వేసి చూడండి. ఇంజను తిరుగుతున్నప్పుడు కారులో ఉండే వోల్టేజి సుమారు 14.4. స్టీరియోలోపల ఇమిడి ఉన్న చిన్న యాంపుకు ఆధారం అదే. సంగీత తరంగం శిఖరం 14.4 వోల్టులను దాటలేదు గనుక, దాని సగటు బలాన్ని కట్టడానికి 1.414తో భాగించాలి. సుమారు 10.2 వస్తుంది. దాన్ని వర్గం చేసి స్పీకరు ఓములు 4తో భాగిస్తే 26 వాట్లు. వాస్తవంలో అంతకూడా రాదు, ఇరవై దరిదాపుల్లో ఆగిపోతుంది. మరి స్టీరియో మీద "50 వాట్లు, నాలుగు ఛానెళ్ళు" అని ఎందుకు వేస్తారు? 14.4ను శిఖరంగా భావించక నేరుగా వర్గం చేసి 4తో భాగించండి. 51.8 వస్తుంది. అనగా తరంగం తల నరికి చదునుచేసి, సంగీతాన్ని బరబర గోకుడుగా మార్చినప్పుడు వచ్చే వాట్లన్నమాట! అంకె అబద్ధం కాదు. అందులో పాట మాత్రం ఉండదు.

విడిగా కొనే యాంపులో పన్నెండు వోల్టులను పెంచుకొనే సరఫరా విభాగం ఒకటి ఉంటుంది. నాటి వైబ్రేటరు చేసిన పనినే అది నేడు చప్పుడు లేకుండా చేస్తుంది. ఆ విభాగం కోసమే మనం విడి యాంపు కొంటున్నాం.

నిండుకుండ తొణకదు

యాంపు పెట్టిస్తే శబ్దం రెట్టింపవుతుందని చాలామంది ఆశ. ఇది నిరాశగానే ముగుస్తుంది. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి అది "కొంచెం హెచ్చినట్లుంది" అనిపించేపాటి తేడా. చెవికి రెట్టింపు గోలగా తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే వాట్లు పదిరెట్లు కావాలి.

అయితే యాంపు ఎందుకు? సంగీతం ఒకే మట్టంలో పారే కాలువ కాదు. తంబురా శ్రుతి, గాయకుని నింపాదైన ఆలాపన తక్కువ శక్తితో సాగుతూ ఉంటాయి. మృదంగం మీద ఒక దెబ్బ పడగానే ఆ క్షణంలో సగటుకు పదిరెట్ల శక్తి అవసరమవుతుంది. సగటున 3 వాట్లతో పాట వింటున్నారనుకోండి. ఆ దెబ్బకు 30 కావాలి. స్టీరియో దగ్గర ఉన్నవి ఇరవై. అందుచేత ఆ దెబ్బ పగిలిన కుండమీద కొట్టినట్లు వినబడుతుంది. 50 వాట్ల యాంపు ఉంటే అదే దెబ్బ గుండ్రంగా, నాదంతో పలుకుతుంది. నిండుకుండ తొణకదని పెద్దలు ఊరికే అనలేదు. యాంపును గోల పెంచడానికి గాక, తొణకకుండా ఉండడానికి కొనుక్కోవాలి. ఈ ఒక్క ముక్క జ్ఞాపకం ఉంచుకొన్నవారు దుకాణంలో మోసపోరు.

మూడువేల వాట్ల పెట్టె

ఈమధ్య మా మేనల్లుడు చిన్న కారు కొన్నాడు. వాడికి "బేసు" కావాలి, డిక్కీలో సబ్ వూఫరు దద్దరిల్లాలి. ఆ కారులో ముందు సీటులో కూర్చొనేది మా అక్కయ్య. నెలకొకసారి రాజమండ్రిలో కూతురింటికి వెళ్ళి వస్తూ ఉంటుంది. ఆమెకు డెబ్బై దాటాయి. దారి పొడుగునా బాలమురళి పాట వినడం ఆమెకు పరమానందం. కొన్నాళ్ళుగా ఆమె అంటున్న మాట ఒకటి ఉన్నది: "పాట వినబడుతోందిరా తమ్ముడూ, సాహిత్యం తెలియడం లేదు." ఇందుకు మేనల్లుడు కనిపెట్టిన చికిత్స యాంప్లిఫయరు. కొడుకు సరదా, తల్లి అవసరం రెండూ ఒకే పెట్టెతో తీరతాయని వాడి ఊహ.

దుకాణంలో కుర్రవాడు మెరిసిపోయే డబ్బా ఒకటి ముందు పెట్టాడు. దాని మీద జానెడు అక్షరాలతో "3000 వాట్లు" అని ఉన్నది. ధర చూస్తే పక్కనున్న 300 వాట్ల పెట్టెకంటే తక్కువ!

"ఏం మావయ్యా, పదిరెట్లు బలం, పైగా చవక!" అన్నాడు మేనల్లుడు.

"దీని ఫ్యూజులు ఎక్కడున్నాయి బాబూ?" అని కుర్రవాణ్ణి అడిగాను.

పెట్టె అంచున రెండు ఫ్యూజులున్నాయి. ఒక్కొక్కటి 25 ఆంపియర్లు. మొత్తం 50. దీన్ని 14.4 వోల్టులతో గుణిస్తే 720. ఆ పెట్టె బ్యాటరీనుంచి నిలకడగా లాగగలిగేదే 720 వాట్లు. అందులో కొంత వేడిగా పోతుంది. పాతరకం ఏ.బి. తరగతి యాంపు అయితే సుమారు సగం పైచిలుకు, అంటే 400 వాట్లు స్పీకర్లకు చేరుతుంది. డి తరగతిదైతే నూటికి ఎనభై చొప్పున 576. లోపలికి 720 వెళ్ళి బయటికి 3000 వచ్చే యంత్రమే ఉంటే మన రాష్ట్రాలకు విద్యుత్కేంద్రాలతో పనేమున్నది? పైన పటారం లోన లొటారం అనే సామెతకు ఇంతకంటే ఉదాహరణ దొరకదు.

డబ్బా మీద పెద్ద అక్షరాల అంకె "పీక్", "మాక్సిమం" అనే జాతికి చెందినది. మనకు కావలసినది ఆర్.ఎం.ఎస్. వాట్లు. అంటే నిలకడగా, పాట చెడకుండా ఇవ్వగలిగే శక్తి. దీన్ని ఎలా కొలవాలో 2003లో అమెరికాలోని ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సంఘం ఒక పద్ధతి ఏర్పరచింది. మొదట దాని పేరు సి.ఇ.ఏ.-2006, ఇప్పుడు సి.టి.ఏ.-2006. ఆ 2006 సంవత్సరం కాదు, పద్ధతి సంఖ్య. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓముల భారం మీద, నూటికి ఒకటి మించని చెరుపుతో వచ్చే శక్తిని మాత్రమే వాట్లుగా చెప్పాలని ఆ పద్ధతి. ఈ పేరు ముద్రించిన పెట్టెల అంకెలను ఒకదానితో ఒకటి పోల్చవచ్చు. పేరు లేకపోతే ఫ్యూజుల లెక్క ఎలాగూ మన చేతిలో ఉన్నది.

సంబంధం కుదుర్చడం

పెళ్ళి సంబంధంలో ఒక పక్షాన్ని మాత్రమే చూసి తాంబూలాలు పుచ్చుకోరు గదా! యాంపుకు ముందు స్పీకరును చూడాలి. స్పీకరు కాగితంలో మూడు అంకెలుంటాయి: ఆర్.ఎం.ఎస్. వాట్లు, ఓములు, సెన్సిటివిటీ.

సెన్సిటివిటీ అంటే ఒక వాటు ఇస్తే మీటరు దూరాన ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందనే లెక్క. ఒక స్పీకరుకు 89, మరొకదానికి 92 అని ఉంటే రెండోది సగం వాట్లతోనే మొదటిదాని అంత పలుకుతుంది. స్పీకర్ల ఎంపికలో కొద్దిగా శ్రద్ధ పెడితే యాంపు ఖర్చులో సగం తగ్గుతుందన్నమాట. కొందరికి కొత్త స్పీకర్లు వేయించి, తలుపు రేకులకు అదురు తగ్గించే పట్టీలు అతికిస్తే చాలు, యాంపు అవసరమే రాదు.

తరువాత వాట్లు. స్పీకరు 50 ఆర్.ఎం.ఎస్. అయితే యాంపు ఛానెలుకు 50 ఇచ్చేదిగా చూసుకోవాలి. కొంచెం ఎక్కువైనా భయం లేదు. మరీ తక్కువ యాంపుతో స్పీకరుకు అపాయం లేదనుకొంటారు చాలామంది. నిజానికి చిన్న యాంపును చివరి కంటా తిప్పితే తరంగం తల తెగి, చదునైన ఆ తరంగంలో సన్నని స్వరాలకు పోయే శక్తి హెచ్చుతుంది. ముందుగా కాలిపోయేది ట్వీటరు అనే చిన్న స్పీకరు.

ఇక ఓములు. ఇవి తగ్గినకొద్దీ యాంపుమీద భారం పెరుగుతుంది. రెండు 4 ఓముల స్పీకర్లను పక్కపక్కన కలిపితే 2 ఓములవుతాయి. రెండు ఛానెళ్ళను ఒకటిగా కలిపి, అంటే "బ్రిడ్జి" చేసి, ఒక 4 ఓముల సబ్ వూఫరుకు ఇస్తే, ఒక్కొక్క ఛానెలు తన ముందు 2 ఓములే ఉన్నట్లు శ్రమపడుతుంది. యాంపు కాగితంలో "బ్రిడ్జి, 4 ఓములు" అని స్పష్టంగా ఉంటేనే ఈ పని చేయాలి.

తరగతుల సంగతి కూడా చెప్పాలి. డి తరగతి అంటే డిజిటల్ అని కొందరు అనుకొంటారు. ఏ, బి, సి తరువాత వచ్చింది గనుక డి, అంతే. ఏ.బి. తరగతి పెట్టెలు బరువుగా, వేడిగా ఉంటాయి. డి తరగతివి చిన్నవి, చల్లనివి. ఒకప్పుడు వాటిని సబ్ వూఫర్లకే వాడేవారు. ఇప్పుడు పాట మొత్తానికి పనికివచ్చేవి మంచివి దొరుకుతున్నాయి. చిన్న కారులో సీటుకింద పెట్టుకొనేవారికి డి తరగతే సుఖం. సీటుకింద కూడా గాలి ఆడేటట్లు చూసుకోవాలి.

మేనల్లుడి కారుకు చివరకు నిశ్చయించినది నాలుగు ఛానెళ్ళ డి తరగతి యాంపు. 4 ఓముల మీద ఛానెలుకు 50 వాట్లు. ముందు రెండు ఛానెళ్ళు ముందు తలుపుల స్పీకర్లకు. వెనుక రెండు కలిపితే వచ్చే 150 వాట్లు ఎనిమిది అంగుళాల సబ్ వూఫరుకు. వెనుక తలుపుల స్పీకర్లు స్టీరియో మీదనే ఉంటాయి. కచేరీకి వెళితే విద్వాంసులు మన ఎదుట కూర్చొంటారు గాని వీపు వెనుక కూర్చోరు గదా!

కొత్త కార్ల తెరల స్టీరియోలకు చాలావాటికి యాంపుకు సంకేతం పంపే ప్రత్యేక రంధ్రాలు ఉండవు. స్పీకరు తీగలనుంచే సంకేతం తీసుకొనే యాంపును అడిగి కొనాలి. కారు తీగలు కోయకుండా మధ్యలో తగిలించే కప్లర్లు దొరుకుతాయి. తీగలు కోస్తే కంపెనీ గ్యారంటీకి పేచీ వస్తుంది. విద్యుత్తుతో నడిచే కారైతే నారింజ రంగు కేబుళ్ళ జోలికి ఎవరినీ పోనివ్వరాదు. వాటిలో ప్రాణం తీసే వోల్టేజి ఉంటుంది.

ఏనుగును కొని అంకుశానికి బేరం

మనవాళ్ళు యాంపు దగ్గర ధారాళంగా ఖర్చుపెట్టి, తీగ దగ్గర బేరమాడతారు. ఏనుగును కొని అంకుశానికి బేరమాడడమంటే ఇదే. ఈ బేరం పాటకే కాదు, మనుషులకే ముప్పు.

మా వీధిలో ఒకరి కారుకు ఇలాగే ఒక యాంపు అమర్చారు. ఇంజనుకూ మన కాళ్ళకూ మధ్య ఉండే ఇనుప రేకుకు రంధ్రం చేసి తీగ లాగారు. రంధ్రానికి రబ్బరు బుష్ వేయలేదు. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టలేదు. "యాంపుకు ఫ్యూజు ఉన్నది గదండీ" అన్నారట. కొన్ని నెలలు కారు అదురుకు రేకు అంచు తీగ తొడుగును కోసింది. ఒకనాటి ఉదయం పిల్లలను బడికి దింపడానికి బయలుదేరిన ఆయన కాళ్ళకింద తివాచీ పొగ చిమ్మింది. పిల్లలను వెంటనే దించి, పక్కనే ఉన్న మెకానిక్కు బ్యాటరీ తీగ పీకడంవల్ల గండం గడిచింది.

కారణం సులభం. యాంపు మీది ఫ్యూజు యాంపును కాపాడుతుంది. బ్యాటరీనుంచి యాంపు దాకా ఉన్న పది పన్నెండు అడుగుల తీగను కాపాడవలసింది బ్యాటరీ దగ్గరి ఫ్యూజు. ఇంజనును తిప్పగల బ్యాటరీ వందల ఆంపియర్లను ఒక్కసారిగా విడువగలదు. తీగ ఎక్కడైనా రేకుకు తగిలితే అది హీటరు తీగలాగా ఎర్రబడుతుంది. అందుచేత బ్యాటరీకి ఒకటిన్నర అడుగులోపల ఫ్యూజు ఉండితీరాలి. రేకు దాటేచోట రబ్బరు బుష్ ఉండితీరాలి.

మా మేనల్లుడి లెక్క ఇలా వేశాం. మొత్తం 250 వాట్లు. నూటికి ఎనభై చొప్పున లోపలికి 312. దీన్ని 13.8 వోల్టులతో భాగిస్తే 23 ఆంపియర్లు. చిన్న కార్ల ఆల్టర్నేటర్లు తరచు 60 నుంచి 90 ఆంపియర్ల మధ్య ఉంటాయి. ఏ.సి., దీపాలు, కారు సొంత అవసరాలు పోగా ఇది భరించగలదు. పైగా పాటలో అంత శక్తి అన్నివేళలా పోదు. దీనికి 8 గేజి రాగి తీగ, 40 ఆంపియర్ల ఫ్యూజు నిర్ణయించాం. గేజి అంకె తగ్గినకొద్దీ తీగ లావు అవుతుంది. 8 గేజి అంటే 8.4 చదరపు మిల్లీమీటర్లు. 4 గేజి అంటే 21.

రాగి తీగ అన్నాను. బజారులో పైన రాగి పూత, లోన అల్యూమినియం ఉన్న తీగలు విస్తారంగా అమ్ముతారు. అల్యూమినియం విద్యుత్తును రాగిలో సుమారు మూడింట రెండువంతులకన్న తక్కువగానే మోస్తుంది. కొనేముందు చివర చాకుతో గీరి చూడండి. లోపల తెల్లగా కనబడితే సంగతి బోధపడుతుంది. భూమి తీగ, అంటే ఎర్త్, కారు రేకుకు రంగు గీకిన చోట గట్టిగా బిగించాలి, పొట్టిగా ఉండాలి. విద్యుత్తు తీగ ఒక పక్కన, పాట తీగ మరొక పక్కన పోవాలి. ఈ రెండు జాగ్రత్తలూ లోపిస్తే ఇంజను వేగంతోబాటు "కుయ్" మనే ఏడుపు పాటలో కలుస్తుంది.

చివరకు గెయిన్ అనే మీట. దీన్ని వాల్యూము మీట అనుకొని కుర్రవాళ్ళు చివరిదాకా తిప్పుతారు. స్టీరియో పంపే సంకేతానికీ యాంపుకూ పొత్తు కుదర్చడమే దాని పని. పదిమందికి పనికివచ్చే పద్ధతి ఒకటి చెబుతాను. వాట్లను ఓములతో గుణించి వర్గమూలం కట్టండి. 50 వాట్లు, 4 ఓములు అయితే 14.1 వోల్టులు. సబ్ వూఫరుకు 150 వాట్లు గనుక 24.5. స్పీకర్లు విప్పి, ఫిల్టర్లు తీసి, స్టీరియోలో సెకనుకు 50 సైకిళ్ళ స్వరం పెట్టి, వాల్యూము ముప్పాతిక దగ్గర ఉంచి, మీటరులో ఆ వోల్టులు వచ్చేదాకా గెయిన్ తిప్పి ఆపాలి. తరువాత తలుపుల స్పీకర్లకు 80 సైకిళ్ళకు కింది స్వరాలు పోకుండా ఫిల్టరు పెట్టి, ఆ పని సబ్ వూఫరుకు అప్పగించాలి. ఇంతటితో యంత్రం పని అయిపోయింది.

సాహిత్యం ఎక్కడ పోయింది?

యంత్రం పని అయింది గాని మా అక్కయ్య పని కాలేదు. యాంపు బిగించిన మరునాడు మేనల్లుడు ఉత్సాహంగా పాట పెట్టి, బేసు పెంచి, "ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నాడు. ఆమె "గుండెలో దడదడ వినబడుతోంది, మాట ఇంకా తెలియడం లేదు" అన్నది.

వయస్సుతోబాటు చెవి మొదట పోగొట్టుకొనేది సన్నని స్వరాలను. మాటలోని అచ్చులు లావు స్వరాలలో ఉంటాయి. స, ష, త, క వంటి హల్లుల ఒరిపిడి 2000 సైకిళ్ళకు పైన ఉంటుంది. అందుకనే పెద్దవారు "వినబడుతోంది, తెలియడం లేదు" అంటారు. పైగా లావు శబ్దం పెద్దదైతే సన్నని శబ్దాన్ని కప్పివేయడం చెవికి సహజం. కొడుకు బేసు పెంచినకొద్దీ తల్లికి హల్లులు మునిగిపోతున్నాయి. వాడు ప్రేమతో చేస్తున్న పనే ఆమెకు అడ్డు పడుతోంది.

మేనల్లుణ్ణి కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పి, సబ్ వూఫరు తగ్గించి, బేసు యథాస్థానానికి తెచ్చి, పై స్వరాలను ఒక మెట్టు పెంచాను. వాల్యూము ముట్టుకోలేదు. అక్కయ్య కళ్ళు మూసుకొని కాసేపు విని, చేత్తో తాళం వేయడం మొదలు పెట్టింది. ఇంతకాలం ఆమె చేయి ఒళ్ళో కదలకుండా ఉండేదని మా ఇద్దరికీ అప్పుడు తోచింది. వాడు ఏమీ అనలేదు. మరునాడే తల్లిని చెవి డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్ళాడు. పరీక్షలో లావు స్వరాలు బాగానే ఉన్నాయి, సన్నని స్వరాల దగ్గర గీత కిందికి దిగింది. ఇప్పుడు ఆమెకు చెవి యంత్రం ఉన్నది. ఎంత గొప్ప యాంప్లిఫయరైనా చెవి పరీక్షకు బదులు కాదు. మీ ఇంట్లో పెద్దవారు వాల్యూము పెంచమంటూ ఉంటే, దుకాణానికంటే ముందు డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

ఇక కుర్రవాళ్ళ చెవుల సంగతి. పనిచోట్ల శబ్దం గురించి అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ పెట్టిన హద్దు ఇది: 85 డెసిబెల్స్ రోజుకు 8 గంటలు, తరువాత ప్రతి 3 డెసిబెల్స్‌కూ కాలం సగం. 88కి 4 గంటలు, 94కు గంట, 100కు పావుగంట. తలుపులు మూసిన చిన్న కారులో 100 డెసిబెల్స్ రప్పించడం 250 వాట్లకు కష్టమే కాదు. ఒకసారి చచ్చిన చెవి నరాల వెంట్రుకలు మళ్ళీ మొలవవు. శబ్దం కారు దాటి వీధిలో పడితే దానికి 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలున్నాయి. నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని వాటిలో హద్దు. అన్నిటికంటే ముఖ్యం, వెనుకనుంచి వచ్చే అంబులెన్సు కూత మీకు వినబడాలి.

కనుక దుకాణానికి వెళ్ళేటప్పుడు ఒక చీటీ మీద ఇవి వ్రాసుకొని వెళ్ళండి. స్పీకరు ఆర్.ఎం.ఎస్. ఎంత, ఓములు ఎన్ని? యాంపు అన్ని ఓముల మీద నిలకడగా ఇచ్చేది ఎంత? దాని ఫ్యూజులు ఎన్ని ఆంపియర్లు? తీగ అసలు రాగేనా? బ్యాటరీ దగ్గర ఫ్యూజు, రేకు దగ్గర రబ్బరు బుష్ వేస్తారా? వీటికి విసుక్కోకుండా జవాబు చెప్పే దుకాణంలో కొనండి. విసుక్కొంటే పక్క దుకాణానికి నడవండి. ఆటోనగర్‌లో దుకాణాలకు కొదవ లేదు.

ఆరో ప్రశ్న దుకాణదారును అడిగేది కాదు. ఆ కారులో మీతోబాటు కూర్చొని వినేది ఎవరు? దానికి జవాబు ఇంట్లోనే తెలుసుకొని బయలుదేరండి.